మీకు తెలుసా? గేర్లు లేని కారు ఎందుకంత అరుస్తుంది?

మీ ఇంట్లో యాక్టివా, జూపిటర్ లాంటి స్కూటరు ఉంటే మీరు రోజూ సీవీటీ నడుపుతున్నట్టే. ఎడమ పక్కనున్న పొడవాటి కవరు విప్పితే రెండు పుల్లీలు, వాటిని చుట్టుకున్న రబ్బరు బెల్టు కనిపిస్తాయి. ముందు పుల్లీలో చిన్న చిన్న రోలర్లు ఉంటాయి. ఇంజిన్ వేగం పెరిగేకొద్దీ అవి అంచువైపు జరిగి, పుల్లీ రెండు చెంపలనూ దగ్గరికి నొక్కుతాయి. దాంతో బెల్టు పైకెక్కుతుంది. వెనక పుల్లీలో అదే బెల్టు లోపలికి దిగుతుంది. లో గేరు నుంచి హై గేరుకు పోవడమంటే ఇక్కడ అంతే. మధ్యలో ఎక్కడా తెగకుండా మారిపోతుంది. సీవీటీ (కంటిన్యువస్లీ వేరియబుల్ ట్రాన్స్‌మిషన్) అన్న పేరు అందుకే. 1984లో కైనెటిక్ హోండా మన రోడ్లమీదికి ఈ ఏర్పాటుతోనే వచ్చింది. స్కూటరులో మనకు ఇంత అలవాటైనదే కారులోకి వచ్చేసరికి మాత్రం 'పికప్ లేదు, ఊరికే అరుస్తుంది' అనే మాట వినిపిస్తుంది. ఆ మాటలో సగం నిజం ఉంది, సగం చెవి చేసే మాయ.

అరుపు వెనక లెక్క

ముందు మాయ సంగతి. అనంతపురం వైపు పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీలో 2019 నుంచి తయారవుతున్న సెల్టోస్‌నే తీసుకుందాం. అప్పటి 1.5 లీటర్ల పెట్రోల్ ఇంజిన్ పూర్తి శక్తి 115 పీఎస్. అది దొరికేది 6300 ఆర్పీఎం దగ్గర. ఆరు గేర్ల మామూలు ఆటోమేటిక్‌లో ఆర్పీఎం ముల్లు అక్కడిదాకా ఎక్కుతుంది, పై గేరు పడుతుంది, ముల్లు కిందికి దిగుతుంది. దిగిన ప్రతిసారీ శక్తీ తగ్గి, మళ్లీ పెరుగుతూ రావాలి. సీవీటీకి ఆ బాధ లేదు. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే ఇంజిన్‌ను శక్తి ఎక్కువగా ఉన్న చోటికి తీసుకెళ్లి అక్కడే ఉంచుతుంది. ఇంజిన్ వేగం కదలదు, పుల్లీలు కదులుతాయి, బండి వేగం పెరుగుతూ పోతుంది.

ఇంజినీరింగ్ ప్రకారం ఇది సరైన పని. మన చెవికి మాత్రం ఇది నచ్చదు. శబ్దం పెరిగితే వేగం పెరిగినట్టు, గేరు మారి శబ్దం తగ్గితే ఒక మెట్టు ఎక్కినట్టు దశాబ్దాలుగా అలవాటు పడ్డాం. ఒకే శ్రుతిలో సాగే మోత వింటుంటే బండి కదలడం లేదేమో అనిపిస్తుంది. హైవే మీద ఓవర్‌టేక్ చేసేటప్పుడు పక్కన కూర్చున్నవాళ్లను స్పీడోమీటర్ చూసి చెప్పమనండి. చెవి చెప్పినదానికీ ముల్లు చూపినదానికీ చాలా తేడా కనిపిస్తుంది.

ఇక నిజమైన సగం. డెబ్బైలో హాయిగా పోతున్న బండిని ఒక్కసారిగా తొక్కితే సీవీటీ ముందు లో రేషియోకి రావాలి, ఇంజిన్ ఆర్పీఎం బాగా పైకి పోవాలి. ఆ కొద్ది క్షణాల్లో ఇంజిన్ ఇచ్చే శక్తిలో కొంత దాని సొంత భాగాలను వేగంగా తిప్పుకోవడానికే ఖర్చవుతుంది. చక్రాలకు చేరేది ఆ కాసేపు తక్కువే. ముందు మోత, ఆ తర్వాత ఊపు. వాహన పరీక్షకులు దీన్నే రబ్బర్ బ్యాండ్ ఎఫెక్ట్ అంటారు. ఈ ఫిర్యాదు న్యాయమైనదే. చిన్న ఇంజిన్, నలుగురు మనుషులు, ఏసీ ఉన్నప్పుడు ఇది మరీ తెలుస్తుంది.

ఒకే కారు, మూడు ఆటోమేటిక్‌లు

సెల్టోస్ మొదట వచ్చినప్పుడు ఒకే పేరు కింద మూడు రకాల ఆటోమేటిక్‌లు అమ్మారు. 1.5 పెట్రోల్‌కు ఐవీటీ అనే సీవీటీ, 1.5 డీజిల్‌కు టార్క్ కన్వర్టర్ అని పిలిచే ఆరు గేర్ల మామూలు ఆటోమేటిక్, 1.4 టర్బో పెట్రోల్‌కు ఏడు గేర్ల డ్యూయల్ క్లచ్. పెట్రోల్ ఇంజిన్ గరిష్ఠ టార్క్ 144 ఎన్ఎం. డీజిల్‌ది 250, అదీ 1500 ఆర్పీఎం నుంచే. బెల్టో గొలుసో పట్టు జారకుండా మోయగల బలానికి హద్దు ఉంటుంది. టార్క్ పెరిగేకొద్దీ పుల్లీలను ఇంకా గట్టిగా నొక్కి పట్టాలి, దానికి పంపు ఇంకా కష్టపడాలి. పళ్ల గేర్లకు ఆ చిక్కు లేదు. అందుకే బరువైన డీజిల్ ఎస్‌యూవీల్లో సీవీటీ కనిపించడం అరుదు. అసలు లేదనీ కాదు, 2018లో వచ్చిన హోండా అమేజ్ డీజిల్‌కు సీవీటీ ఇచ్చారు.

నడిపితే తేడా తొలి వంద గజాల్లోనే తెలుస్తుంది. డీజిల్ ఆటోమేటిక్ కింది ఆర్పీఎంలోనే నెడుతుంది. గేరు మారినప్పుడు సన్నటి కుదుపు వీపుకి తగులుతుంది, చాలామందికి అదే ఇష్టం. బండి మన మాట విందన్న భరోసా అందులో దొరుకుతుంది. పెట్రోల్ సీవీటీ హైదరాబాద్ కూకట్‌పల్లి ట్రాఫిక్‌లో, విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఆగుతూ సాగుతూ పోయేటప్పుడు మాత్రం సాటిలేనిది. పది నుంచి నలభై దాకా ఎక్కడ గేరు మారిందో వెతికినా దొరకదు, వెనక సీట్లో పెద్దవాళ్ల తల ఊగదు. ఊళ్లో తిరిగే పెట్రోల్ కారుకు నా ఓటు సీవీటీకే. తరచూ నిండు కుటుంబంతో, సామానుతో దూరాలు పోయేవారికి టార్క్ కన్వర్టర్.

'టార్క్ కన్వర్టరా, సీవీటీనా?' అని షోరూముల్లో అడుగుతుంటాం. నిజానికి చాలా సీవీటీ కార్లలోనూ టార్క్ కన్వర్టర్ ఉంటుంది. 2014 హోండా సిటీలోని సీవీటీ అలాంటిదే. ఇంజిన్‌కూ పుల్లీలకూ మధ్య ద్రవంతో తిరిగే ఆ భాగం వల్లనే బ్రేకు వదలగానే బండి తనంతట తాను మెల్లగా కదులుతుంది, బయలుదేరేటప్పుడు టార్క్ కాస్త హెచ్చి మరీ చక్రాలకు అందుతుంది. వేగం అందుకున్నాక లాకప్ క్లచ్ పడి, ద్రవం పాత్ర ముగుస్తుంది.

సిటీ అటూ ఇటూ

ఆ సిటీ చరిత్రే ఆసక్తికరం. రెండు దశాబ్దాల కిందట మన దేశంలో అమ్మిన సిటీకి సీవీటీ ఉండేది. 2008లో మొదలైన తరంలో దాన్ని పక్కనపెట్టి అయిదు గేర్ల మామూలు ఆటోమేటిక్ ఇచ్చారు. 2014లో మళ్లీ సీవీటీ. మూడు తరాల్లో రెండు మార్పులు. మధ్యతరం నడిపినవారు దాని చురుకుదనాన్ని మెచ్చుకుంటారు. 2014 బండి నడిపినవారు మెచ్చుకునేది మైలేజీని. సీవీటీ నింపాదిగా నడిపితే ఇంజిన్‌ను చాలా కింది ఆర్పీఎంలోనే ఉంచి లాక్కొస్తుంది, ఆదా అక్కడ దొరుకుతుంది. అదే కారును ప్రతి సిగ్నల్ దగ్గరా ఆఖరిదాకా తొక్కితే ఆ లాభం కరిగిపోతుంది.

మారుతి బలేనో కథ ఇంకో దారి పట్టింది. 2015లో సీవీటీతో వచ్చి, 2022లో ఏఎంటీకి మారింది. ఏఎంటీ అంటే మాన్యువల్ గేర్‌బాక్సే, క్లచ్, గేరు పనులు యంత్రం చూసుకుంటుంది. గేరు మారే క్షణంలో శక్తి తెగుతుంది, తల ముందుకు ఊగుతుంది. ధర తక్కువ, నిజమే. కానీ రోజూ ట్రాఫిక్‌లో గంటలు గడిపే మనిషికి పాత బలేనో ఇచ్చిన సుఖం ఇందులో లేదు. ఆటోమేటిక్ అన్న ఒక్క మాట చూసి కొనకుండా రెండూ నడిపి చూడటం మేలు.

వెనక్కీ అంతే వేగం

కార్లలో సీవీటీని జనంలోకి తెచ్చింది నెదర్లాండ్స్ దేశపు డాఫ్ కంపెనీ. ఐంధోవెన్‌లో లారీలు, ట్రైలర్లు తయారు చేసే హుబ్ వాన్ డోర్న్ 1958లో డాఫ్ 600 అనే చిన్న కారు చూపించారు. 590 సీసీ ఇంజిన్, వెనక చక్రాలకు చెరో రబ్బరు బెల్టు. ఆ ఏర్పాటు పేరు వేరియోమాటిక్. అందులో ప్రత్యేకంగా రివర్స్ గేరు రేషియో అంటూ లేదు, దిశ మారుతుంది అంతే. అందువల్ల ముందుకు ఎంత వేగంగా పోగలదో వెనక్కీ అంతే వేగంగా పోగలదు! డచ్చివాళ్లు ఆ కార్లతో వెనక్కి నడిపే పందేలే పెట్టుకున్నారు.

నెట్టే బెల్టు

బెల్టు అంటే లాగేది అనుకుంటాం. నేటి కార్లలోని ఉక్కు బెల్టు చాలావరకు నెడుతుంది. పలచటి ఉక్కు పట్టీల రెండు కట్టల మీద దాదాపు 400 ఉక్కు పలకలు ఒకదానికొకటి ఆనించి గుచ్చి ఉంటాయి. ముందు పుల్లీ వాటిని తోస్తే, ఆ వరస బిగుసుకుని వెనక పుల్లీని తోస్తుంది. దీన్నీ అభివృద్ధి చేసింది వాన్ డోర్న్ బృందమే. ఆ బెల్టులు తయారుచేసే వాన్ డోర్న్ సంస్థను 1995లో బాష్ కొనుక్కుంది. 1987లో సుబారు జస్టీ ఈ ఉక్కు బెల్టుకు ఎలక్ట్రానిక్ నియంత్రణ జోడించి వచ్చింది. ఆడి మల్టీట్రానిక్‌లో, తర్వాత సుబారు లీనియర్‌ట్రానిక్‌లో బెల్టు చోట గొలుసు వాడారు.

ఇక్కడ నూనె పని మరీ విచిత్రం. ఉక్కు ఉక్కుని తాకే చోట అరుగుదల రాకుండా చూడాలి, అదే సమయంలో జారకుండా పట్టూ ఇవ్వాలి. ఈ రెండు పనులూ చేసేలా సీవీటీ ఆయిల్‌ను ప్రత్యేకంగా తయారు చేస్తారు. మామూలు ఆటోమేటిక్ ఆయిల్ అందులో పోస్తే బెల్టు జారి పుల్లీ ముఖం చెడిపోవచ్చు. సర్వీసింగ్‌లో ఏ ఆయిల్ పోశారో బిల్లులో చూసుకోండి.

నిషేధించాల్సి వచ్చినంత వేగం

'సీవీటీ మందకొడి' అనేవారికి ఫార్ములా వన్ చరిత్ర మంచి జవాబు. 1993లో విలియమ్స్ జట్టు తన ఎఫ్‌డబ్ల్యూ15సీ కారులో సీవీటీ బిగించి పరీక్షించింది, నడిపింది డేవిడ్ కూల్తార్డ్. మలుపులోనూ, తిన్నటి దారిలోనూ ఇంజిన్ ఒకే స్వరంలో ఊదుతూ పోవడం ఆ పరీక్ష వీడియోల్లో వినొచ్చు. పందెంలో అది దిగనే లేదు. 1994 నిబంధనల్లో స్థిరమైన గేర్లే ఉండాలని పెట్టి దానికి దారి మూసేశారు. బెల్టు దగ్గర కొంత శక్తి నష్టమైనా, ఇంజిన్‌ను అత్యుత్తమ ఆర్పీఎంలో నిలపడం ఎంత బలమైన ఉపాయమో దీన్నిబట్టే తెలుస్తుంది.

మెత్తదనం అమ్ముడుపోయిన రోజులు

గేరు మారడమే తెలియకపోవడం అమెరికాలో ఒకప్పుడు విలాసం. 1948 మోడల్ బ్యూయిక్ రోడ్‌మాస్టర్‌కు డైనాఫ్లో అనే ఆటోమేటిక్ ఇచ్చారు. డ్రైవ్‌లో పెట్టాక అది గేరే మార్చదు, పనంతా టార్క్ కన్వర్టర్‌దే. తొక్కగానే ఇంజిన్ మోగుతుంది, బండి తీరిగ్గా అందుకుంటుంది. నేటి సీవీటీ మీద వచ్చే ఫిర్యాదే అప్పుడూ వచ్చింది. జనం మాత్రం ఆ మెత్తదనం కోసమే ఆ కార్లు ఇష్టపడి కొన్నారు.

లేని గేర్లు

కొన్ని సీవీటీ కార్లలో స్టీరింగ్ వెనక ప్యాడిల్స్, మీటరులో ఏడు గేర్లు కనిపిస్తాయి. లోపల ఏడు గేర్లు లేవు. పుల్లీలను ఏడు స్థానాల్లో ఆపేలా కంప్యూటర్‌కు నేర్పారు. నిస్సాన్ డి-స్టెప్ లాంటి ఏర్పాట్లయితే ప్యాడిల్ తాకకపోయినా, గట్టిగా తొక్కినప్పుడు గేరు మారినట్టు ఆర్పీఎంను దింపుతాయి. మన చెవిని ఊరడించడానికి యంత్రం తన గొప్ప గుణాన్ని తానే కొంత వదులుకుంటోంది. ఇది చూస్తే నాకు బాధేస్తుంది. కానీ అలా దింపినప్పుడు నడిపేవారు సుఖపడుతున్నారన్నదీ కాదనలేం.

ఆ ప్యాడిల్స్‌కు అసలు విలువ తిరుమల నుంచి దిగేటప్పుడు తెలుస్తుంది. డీలో ఉంచి కాలు తీసేస్తే సీవీటీ ఆదా కోసం హై రేషియోకి పోతుంది, ఇంజిన్ పట్టు తగ్గుతుంది, భారమంతా బ్రేకుల మీద పడుతుంది. ఎడమ ప్యాడిల్ నొక్కి, లేదా ఎల్, ఎస్ స్థానంలో పెట్టి దిగితే ఇంజిన్ బండిని పట్టి ఉంచుతుంది. మామూలు ఆటోమేటిక్‌కూ ఇదే సూత్రం. న్యూట్రల్‌లో మాత్రం ఎప్పుడూ దిగకూడదు.

పేరొక్కటే, పని వేరు

ఇన్నోవా హైక్రాస్, గ్రాండ్ విటారా హైబ్రిడ్‌లలో ఇ-సీవీటీ అని రాసి ఉంటుంది. అందులో బెల్టూ లేదు, జరిగే పుల్లీలూ లేవు. 1997 ప్రియస్‌తో టయోటా తెచ్చిన పద్ధతి అది. ఒక ప్లానెటరీ గేర్ల సమూహం, రెండు ఎలక్ట్రిక్ మోటార్లు కలిసి ఇంజిన్ వేగాన్ని సర్దుతాయి. గట్టిగా తొక్కితే దీనిలోనూ మోత వస్తుంది. కానీ తొలి ఊపు మోటారు నుంచి వెంటనే అందుతుంది కాబట్టి బెల్టు సీవీటీలోని ఆ తొలి తటపటాయింపు చాలావరకు తెలియదు.

బెల్టు సీవీటీకి కూడా టయోటా 2018లో ఒక మందు కనిపెట్టింది. డైరెక్ట్ షిఫ్ట్ సీవీటీ అని దాని పేరు. బయలుదేరడానికి ఒక మామూలు పళ్ల గేరు, కాస్త వేగం అందాక బెల్టు. బెల్టు బలహీనంగా ఉండేది లో రేషియోలోనే కాబట్టి ఆ బరువు పళ్ల గేరుకు అప్పగించారు. తొలి కదలిక మామూలు ఆటోమేటిక్‌లా గట్టిగా, ఆ తర్వాత అంతా సీవీటీ నునుపు. మన మార్కెట్‌లో పెట్రోల్ సీవీటీ కొనేవారు ఇన్నాళ్లుగా అడుగుతున్నది సరిగ్గా ఇదే.