బ్యాట్‌మ్యాన్ తడబడ్డాడు!

రెక్కలు విప్పి గాల్లో దూసుకెళ్లాల్సిన బ్యాట్‌మ్యాన్ మధ్యమధ్యలో టక్కున ఆగిపోతుంటే ఎలా ఉంటుంది? 2015 జూన్ 23న 'బ్యాట్‌మ్యాన్: అర్కమ్ నైట్' గేమ్‌ని పీసీలో ఆడినవాళ్లకి అదే అనుభవమైంది. ప్లేస్టేషన్ 4లో హాయిగా నడిచిన ఆటే మరి! ఖరీదైన గ్రాఫిక్స్ కార్డులున్న పీసీలూ దాని ముందు చతికిలపడ్డాయి. పైగా సెకనుకి 30 ఫ్రేములు దాటకుండా కట్టడి ఒకటి.

ఎందుకలా? అప్పటి ప్లేస్టేషన్ 4లన్నిటిలోనూ ఒకే రకం చిప్పు. 8 జీబీ మెమొరీని ప్రాసెసరూ గ్రాఫిక్సూ ఉమ్మడి కుటుంబంలా కలిసి వాడుకుంటాయి. గేమింగ్ పీసీల్లో సాధారణంగా వాటివి వేరు కాపురాలు. బొమ్మల సమాచారాన్ని ఒక మెమొరీ నుంచి ఇంకోదానికి మోయాలి. ఆ మోత సకాలంలో పూర్తవకపోతే తెరమీద ఆట అదురుతుంది. అదీగాక, ఏ ఇంటి పీసీలో ఏ భాగాలుంటాయో తయారీదారుకేం తెలుసు? రకరకాల పీసీల మీద ఓపిగ్గా పరీక్షించాల్సిందే.

ఫిర్యాదులు వెల్లువెత్తడంతో వార్నర్ బ్రదర్స్ సంస్థ రెండ్రోజుల్లోనే పీసీ అమ్మకాలు ఆపేసింది. మరమ్మతులు చేసి మళ్లీ అమ్మింది అక్టోబరు 28న. అప్పటికీ ఇబ్బందులు పోకపోవడంతో కోరినవాళ్లకి డబ్బు వాపసిస్తానంది.

కాబట్టి మీ అబ్బాయి కొత్త గేమ్ ఆగిపోతోందంటే వెంటనే గ్రాఫిక్స్ కార్డు కొనెయ్యకండి. స్టీమ్‌లో కొన్న గేమైతే, 14 రోజుల్లోపు, రెండు గంటలకన్నా తక్కువ ఆడి ఉంటే డబ్బు వెనక్కి అడగొచ్చు.