కొలత తప్పిన హార్డ్ డిస్క్

పుట్టి అంటే ఎంత అని అడిగితే మన పెద్దలు వెంటనే జవాబు చెప్పేవారు కారు. “ఏ ఊరి పుట్టి?” అని ఎదురు ప్రశ్న వేసేవారు. మణుగు సంగతీ అంతే. చెన్నపట్నం మణుగు ఇంచుమించు 25 పౌన్లు. బెంగాల్ మణుగు 82 పౌన్లకు పైమాట. ఏ మణుగో తేల్చుకోకుండా బేరం ఒప్పుకొన్న వర్తకుడు నిండా మునిగేవాడు.

ఈ పాత ముచ్చట ఇప్పుడు ఎందుకంటే, నేడు మన ఇళ్లలోని కంప్యూటర్లలో కూడా ఇటువంటి కొలతల తగవు ఉన్నది. దాని మర్మం తెలియక మొన్న మేము మన సంఘం సొత్తును చేజేతులా పోగొట్టుకోబోయినాము. మా అనుభవం మరొక కుటుంబానికి పనికి వస్తుందనే ఆశతో ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

జరిగిన సంగతి

మన పత్రిక పాత సంచికల నకళ్లు, వార్షికోత్సవాల ఫోటోలు, పెద్దల చేత పాడించి రికార్డు చేసిన పాటలు అన్నీ 3 టెరాబైట్ల హార్డ్ డిస్క్ ఒకదానిలో దాచి ఉంచినాము. ఆ పాటలలో మన సభ్యులొకరి నాయనమ్మగారు పాడిన పెండ్లి పాటలు, లాలి పాటలు ఉన్నవి. ఆమె ఇప్పుడు లేరు. ఆ వరుసలు ఆ ఇంట్లో మరెవరికీ రావు. వానికి రెండవ ప్రతి తీయించాలని ప్రతి సమావేశంలోనూ అనుకొంటూనే ఉన్నాము, తీయించలేదు. తప్పు మాది.

ఒకనాడు కార్యాలయం కంప్యూటర్ నిలిచిపోయింది. డిస్క్‌కు ఏమీ కాలేదు గదా అని దానిని ఊడదీసి, బీరువాలో పడి ఉన్న పాత యూఎస్‌బీ పెట్టెలో అమర్చి, మరొక కంప్యూటర్‌కు తగిలించినాము. తెర మీద రెండు వింతలు కనిపించినవి. మొదటిది, 3 టెరాబైట్ల డిస్క్ 746 గిగాబైట్లని చూపుతున్నది. రెండవది, ఈ డిస్క్‌ను ఇనిషియలైజ్ చేయాలి, సరేనా అని అడుగుతున్నది.

దానిని పట్టుకొని మౌంట్ రోడ్డు దగ్గరి రిచీ వీధికి పోయినాము. అక్కడి దుకాణంలో పని చేసే అబ్బాయి చూసి, “ఫార్మాట్ పోట్టుడలామా, సార్?” అన్నాడు. ఫార్మాట్ చేసేస్తే సరిపోతుందని అతని ఉద్దేశం. అతనిలో దురుద్దేశమేమీ లేదు. ఖాళీ డిస్క్ అయితే అది ఒక దారే. కాని మాది ఖాళీ డిస్క్ కాదు. మాకు కాళ్లు చేతులు ఆడక, కంప్యూటర్ విద్య చదువుతున్న మన సభ్యుల అమ్మాయికి ఫోను చేసినాము. ఆ పిల్ల మొదటి మాటగా, “బాబాయిగారూ, సరే అని మాత్రం నొక్కకండి. నొక్కితే లోపలి వస్తువులు వెంటనే చెరిగిపోవు గాని, ఏది ఎక్కడ ఉన్నదో చెప్పే పట్టిక పోతుంది. ఆ 746 అనే అంకె ఊరికే రాలేదు, ఉండండి” అన్నది.

746 ఎక్కడ నుంచి వచ్చినది?

హార్డ్ డిస్క్ లోపలి చోటును చిన్న చిన్న గదులుగా లెక్కిస్తారు. ఒక్కొక్క గదిని సెక్టర్ అంటారు. వాడుకలో ఉన్న లెక్క ప్రకారం ఒక సెక్టర్‌లో 512 బైట్లు పడతాయి. మా 3 టెరాబైట్ల డిస్క్‌లో ఇటువంటి గదులు 586 కోట్ల 5 లక్షల 33 వేల 168 ఉన్నవి. ప్రతి గదికీ ఒక నంబరు.

పాత పరికరాలలో ఆ నంబరు రాసేందుకు 32 బిట్ల చోటు మాత్రమే ఉంచినారు. ఆ చోటులో 429 కోట్ల 49 లక్షల 67 వేల 296 గదులకే నంబర్లు చాలుతాయి. దానిని దాటితే లెక్క మళ్లీ సున్న నుంచి మొదలవుతుంది. రైల్వే పట్టికలో 15 గంటలైతే గోడ గడియారం 3 గంటలు చూపుతుంది గదా! అబద్ధం కాదు, 12 పోగా మిగిలినది చూపుతున్నది. మా పాత పెట్టె చేసిన పని కూడా అదే. 586 కోట్ల పైచిలుకులో నుంచి 429 కోట్ల పైచిలుకు పోగా మిగిలినవి 156 కోట్ల 55 లక్షల 65 వేల 872 గదులు. వానిని 512 చేత హెచ్చించి, కంప్యూటర్ కొలతలో గిగాబైట్లుగా మారిస్తే 746 పైచిలుకు.

అనగా డిస్క్ చెడలేదు. లోపలి వస్తువులు పోలేదు. మధ్యనున్న పెట్టెకు అంత పెద్ద లెక్క రాదు, అంతే. ఆ స్థితిలో ఇనిషియలైజ్ చేసి, ఫార్మాట్ కూడా చేసి, కొత్త వస్తువులు నింపినట్లయితే, అవి మొదటి 746 గిగాబైట్లలో ఉన్న పాత వస్తువుల మీదనే పడేవి. పాటలు ఆ మొదటి భాగంలోనే ఉన్నవి.

ఇక్కడ ఒక తేడా గుర్తించాలి. డిస్క్ మొత్తమే 746 అని చూపితే దోషం పెట్టెలోనో, కంప్యూటర్‌లో డిస్క్‌ను నడిపే పాత డ్రైవర్‌లోనో ఉంటుంది. అట్లా కాక 2,048 గిగాబైట్లు పనికి వస్తూ, మిగిలిన 746 ఎవరికీ కేటాయించని చోటుగా కనిపిస్తే, దోషం ఎంబీఆర్ అనే పాత పట్టికది. 1983 నుంచి వాడుకలోకి వచ్చిన ఆ పట్టికలో కూడా నంబరుకు 32 బిట్లే. పెద్ద డిస్క్‌లకు జీపీటీ అనే కొత్త పట్టిక ఉండాలి. ఖాళీ డిస్క్ అయితే జీపీటీకి మార్చడం నిమిషం పని. సరుకున్న డిస్క్ అయితే ముందు నకలు తీసిన తరువాతనే మార్చాలి.

అంకె చెప్పే ఆచూకీ

తప్పు కొలత చూడగానే గాభరా పడక, ఆ అంకెను శ్రద్ధగా చదవాలి. జ్వరం ఎన్ని డిగ్రీలో చూడకుండా మందు పోయము గదా! సాధారణంగా కనిపించే అంకెలు ఇవి:

931 గిగాబైట్లు: ఇది 1 టెరాబైటు డిస్క్‌కు సరైన కొలతే. తయారీదారుల టెరాబైటు లక్ష కోట్ల బైట్లు. విండోస్ లెక్కలో గిగాబైటు అంటే 107 కోట్ల 37 లక్షల 41 వేల 824 బైట్లు. సరుకు ఒకటే, మణుగు వేరు. ఈ లెక్కన 3 టెరాబైట్ల డిస్క్ 2.72 అనీ, 4 టెరాబైట్ల డిస్క్ 3.63 అనీ కనిపిస్తుంది. ఈ తికమక తీర్చేందుకు 1998 లో గిబిబైట్ అనే పేరు పెట్టినారు గాని అది ఇళ్లలోకి రాలేదు. ఆపిల్ కంప్యూటర్లు 2009 నుంచి తయారీదారుల లెక్కనే చూపుతున్నవి.

128 గిగాబైట్లు: పాత కంప్యూటర్‌లో పెద్ద డిస్క్ ఇంతే చూపితే, అక్కడ సెక్టర్ నంబరుకు 28 బిట్లే చోటున్నదని అర్థం. 2001 లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీకి ఈ చిక్కు ఉండేది. 2002 నాటి మొదటి సర్వీస్ ప్యాక్‌తో అది తీరినది.

32 గిగాబైట్లు: మరీ పాత డిస్క్‌ల వెనుక జంపర్ అనే చిన్న బిళ్ల ఉంటుంది. అప్పటి కంప్యూటర్లు పెద్ద డిస్క్‌ను చూసి బిగుసుకుపోకుండా, డిస్క్ తన కొలతను తగ్గించి చెప్పేందుకు ఆ ఏర్పాటు. బిళ్ల తీస్తే పూర్తి కొలత వస్తుంది.

ఏ లెక్కకూ అందని అంకె: డిస్క్ చివర కొంత చోటును దాచిపెట్టే హెచ్‌పీఏ అనే ఏర్పాటు ఉండవచ్చును. లినక్స్‌లో హెచ్‌డీపార్మ్ అనే సాధనం దానిని చూపుతుంది. చూడటం వరకు ఎవరైనా చేయవచ్చును. మార్చడం తెలిసినవారి పని.

కొలత సరిగానే ఉండి లోపల ఖాళీ అని చూపడం మరొక రకం. కొన్ని యూఎస్‌బీ పెట్టెలు పెద్ద డిస్క్‌ను ఇముడ్చుకొనేందుకు 512 బైట్ల గదులను ఎనిమిదేసి కలిపి 4,096 బైట్ల గదిగా చెపుతాయి. అటువంటి పెట్టెలో ఫార్మాట్ అయిన డిస్క్‌ను ఊడదీసి నేరుగా కంప్యూటర్‌కు తగిలిస్తే, నిండు డిస్క్ కూడా ఖాళీగా కనిపిస్తుంది. మళ్లీ పాత పెట్టెలో పెడితే సరుకంతా కళ్లెదుట ఉంటుంది. అందుకని పాత పెట్టెలను తొందరపడి పారవేయరాదు.

ఇక కొలత ఎక్కువ చెప్పే దొంగ సరుకు ఒకటి ఉన్నది. నమ్మశక్యం కాని చౌక ధరకు 16 టెరాబైట్లని అమ్మే చిన్న డిస్క్‌లలో నిజంగా ఉండే చోటు చాలా స్వల్పం. నింపుతూ పోతే తరువాత వేసినవి నిలవవు. ఎఫ్3, హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత సాధనాలు ఖాళీ చోటంతా నింపి, తిరిగి చదివి నిజం తేలుస్తాయి. కొత్త డిస్క్‌లో విలువైన వస్తువులు పెట్టకముందే ఈ పరీక్ష చేయాలి.

చేయవలసిన పని, వరుసగా

మొదట, ఇనిషియలైజ్, ఫార్మాట్, రిపేర్ అని కంప్యూటర్ ఏది అడిగినా వద్దు అనే చెప్పాలి.

రెండవది, డిస్క్ మీది చీటీ చదవాలి. చాలా డిస్క్‌ల మీద ఎల్‌బీఏ అని సెక్టర్ల సంఖ్య అచ్చువేసి ఉంటుంది. దానిని 512 చేత హెచ్చిస్తే అసలు కొలత బైట్లలో వస్తుంది.

మూడవది, డిస్క్‌ను మార్చకుండా దాని చుట్టూ ఉన్నవానిని ఒక్కొక్కటిగా మార్చి చూడాలి: తీగ, పెట్టె, కంప్యూటర్. ఒకేసారి రెండు మారిస్తే దోషం ఎక్కడున్నదో తెలియదు.

నాలుగవది, సరైన కొలత కనిపించగానే, మరే మరమ్మతూ చేయకముందు, మరొక డిస్క్‌కు నకలు తీయాలి. డిస్క్ లోపల నుంచి టిక్ టిక్ అని చప్పుడు వస్తుంటే మాత్రం వెంటనే ఆపి, తెలిసినవారికి అప్పగించాలి. అది లెక్కల చిక్కు కాదు, జబ్బు.

మా కథ ముగింపు

అమ్మాయి సాయంత్రం కార్యాలయానికి వచ్చి, తన వెంట తెచ్చిన కొత్త పెట్టెలో డిస్క్ అమర్చినది. తెర మీద 2.72 టెరాబైట్లని కనిపించినది. అరలన్నీ ఎక్కడివక్కడ ఉన్నవి. పాటల అర తెరిచి, ఒకదానిని మోగించినాము. పాటకు ముందు పెద్దావిడ దగ్గి, “మొదలుపెట్టమంటావా, నాయనా?” అని మనుమడిని అడుగుతున్నారు. ఆ మనుమడు మా పక్కనే నిలబడి ఉన్నాడు. లేచి వరండాలోకి పోయి, కొంతసేపటికి గాని లోపలికి రాలేదు.

ఆ రాత్రే రెండు నకళ్లు తీసినాము. ఒకటి కార్యాలయంలోనూ, ఒకటి మరొక పేటలోని సభ్యుల ఇంటిలోనూ ఉన్నవి. పాత పెట్టెకు “2 టెరాబైట్లు దాటినవి పెట్టరాదు” అని చీటీ అంటించినాము.

తరాల క్రితం ఊరు విడిచి వచ్చిన మనకు, పొలాలు పుట్రలు వెంట రాలేదు. మాట, పాట వచ్చినవి. వానిని ఇప్పుడు డిస్క్‌లలో దాచుకొంటున్నాము. పాఠక సోదరసోదరీమణులు మీ ఇంట నాయనమ్మ గొంతు, తాతగారి ఉత్తరాలు ఒక్క డిస్క్‌లోనే ఉంటే, ఈ ఆదివారమే రెండవ ప్రతి తీయండి. కొలత తప్పి కనిపించిన నాడు కూడా అప్పుడు మీ చేయి వణకదు.