దూరపు కంప్యూటరునకు డేటాబేసు పలుకని వేళ

పూర్వము విద్యార్థుల పేర్లు, పుట్టినతేదులు, మార్కులు లావుపాటి రిజిస్టరులలో నుండెడివి. ఇప్పుడు పెక్కు బడులలో నవి డేటాబేసులో నున్నవి. దానిని కాపాడు కంప్యూటరును సర్వరనియు, దూరమునుండి దాని నడుగు కంప్యూటరును క్లయింటనియు నందురు. పదవ తరగతి పరీక్షకు జాబితా పంపవలసిన కడపటి దినమున, అమలాపురములోని సర్వరును రాజోలులోని క్లయింటు చేరలేకపోయిన యెడల నొక బాలుని పేరు జాబితాలో చేరకయే పోవచ్చును. కావున నీ సంగతి గుమాస్తాలకే కాక పెద్దతరగతుల పిల్లలకును, తల్లిదండ్రులకును కొంత తెలిసియుండుట మేలని తలంచి వ్రాయుచున్నాము.

మన సీమలో శివారు చేనికి నీరందనిచో రైతు వెంటనే ధవళేశ్వరము ఆనకట్టను నిందింపడు. ముందు తన బోదెను చూచును. పిదప తూమును చూచును. ఆ పిదప కాలువగట్టు పట్టి పైకి నడచును. రాజోలు వైపు రైతైనచో గన్నవరము అక్విడక్టుదాక పోవలసి రావచ్చును. నీరు వైనతేయమును దాటునది యచ్చటనే గదా! సర్వరు విషయమునను ఇట్లే నడువవలయును. మొదట సర్వరు యంత్రముమీదనే డేటాబేసును తెరచి చూడవలెను, తరువాత నదే భవనములోని వేరొక కంప్యూటరునుండి, కడపట వెలుపలినుండి. ఎచ్చట జవాబు ఆగెనో అచ్చటనే లోపమున్నది.

తెరపై వచ్చు మాటను చదువకయే మూసివేయువారు అనేకులు. అందులోనే సగము వైద్యమున్నది. యంత్రమునకు సంఖ్యలుగల ద్వారములు, అనగా పోర్టులు, కలవు. పోస్ట్‌గ్రెస్‌కు వాడుకగా 5432, మైఎస్‌క్యూఎల్‌కు 3306. ‘కనెక్షన్ రెఫ్యూజ్డ్’ అని వచ్చినచో సాధారణముగా యంత్రమువరకు దారి యున్నది గాని ఆ ద్వారమువద్ద వినువాడు లేడు. ‘టైమ్డ్ అవుట్’ అనినచో పిలుపే దారిలో పోయినది: చిరునామా తప్పో, తీగ తెగుటయో, ఫైర్‌వాల్ దానిని మౌనముగా మ్రింగుటయో కారణము. సంకేతపదము తప్పని వచ్చినచో సంతసింపవచ్చును. దారి బాగుగనే యున్నది.

పోస్ట్‌గ్రెస్ స్థాపించినప్పుడు తన యంత్రములోని పిలుపులనే, అనగా లోకల్‌హోస్టునే, వినును. అందుచేతనే సర్వరువద్ద కూర్చున్నవారు “ఇచ్చట అంతయు సరిగా నున్నదండీ” అందురు. వారి మాటయు నిజమే. ‘లిజన్ అడ్రసెస్’ అను అమరికను మార్చి, సర్వరును ఆపి మరల నడపవలెను. ఎవరు, ఏ చిరునామానుండి, ఏ డేటాబేసులోనికి రావచ్చునో తెలుపు పట్టిక వేరు. దాని పేరు పీజీ హెచ్‌బీఏ. అందును ఒక పంక్తి చేర్పవలెను. మైఎస్‌క్యూఎల్ అయితే ఒకే పేరుగలవానిని లోపలినుండి వచ్చిన నొకనిగను, వెలుపలినుండి వచ్చిన వేరొకనిగను ఎంచును.

కరెంటు పోయి వచ్చిన పిదప రౌటరు సర్వరునకు క్రొత్త చిరునామా నిచ్చుటయు కలదు. 2022 మే 24న అమలాపురములో జరిగిన అల్లరుల పిమ్మట కోనసీమలో కొన్ని దినములు ఇంటర్నెట్టు నిలిపివేయబడెను. అట్టి వేళ అమరికలు వెదకుట వృథా. బడిలోని తీగలమీద మాత్రము సర్వరు పలుకును.

తొందరలో కొందరు ఫైర్‌వాలును తీసివేసి, పట్టికలో 0.0.0.0/0 అని, అనగా ఎచ్చటివారైనను రావచ్చునని, వ్రాయుదురు. దీనిని మేము గట్టిగా నిరసించుచున్నాము. పిల్లల యిండ్ల చిరునామాలు, తల్లిదండ్రుల ఫోను సంఖ్యలు అందున్నవి. 2017 జనవరిలో సంకేతపదము లేక తెరచియుంచిన మాంగోడీబీ డేటాబేసులను వేలకొలదిగా దుండగులు తుడిచివేసి సొమ్మడిగిరి. ఎస్ఎస్‌హెచ్ అను గుప్తమార్గము ద్వారా వచ్చుట మేలు. అప్పుడు 5432ను వెలుపలికి తెరువనక్కరలేదు. డేటాబేసు లోకల్‌హోస్టునే వినుచున్నను రాజోలునుండి పని జరుగును.