దొంగచాటు చిత్రములు

మా తిరుమలాయపాలెమువంటి గ్రామములందును సెల్‌ఫోనులో దొంగచిత్రములు చూచుట పరిపాటి యైనది. చౌర్యము చౌర్యమే, కాని కారణ మరయవలదా?

'ఆర్.ఆర్.ఆర్.' తెలుగున జీ5లో వెలువడెను. 'కల్కి' ప్రైమ్‌లో, 'పుష్ప 2' నెట్‌ఫ్లిక్సులో. హక్కులు కొన్నవారు వేరొకరి కీయరు. మూడు చిత్రములకు మూడు చందాలు! బడిపంతులు జీతముతో నెన్నిటికి కట్టుదుము? పోనీ, సినిమాహాలునకు పోవుదమన్న, 2024 డిసెంబరు 4 నాటి 'పుష్ప 2' ముందాటలకు టిక్కెట్టుపై 800 రూపాయలు పెంచుకొనుటకు తెలంగాణ ప్రభుత్వమే యనుమతించెను.

ఇట్టి యదనుననే ఐబొమ్మ ప్రబలినది. దాని నిర్వాహకుడని యొకనిని 2025 నవంబరులో హైదరాబాదు పోలీసులు పట్టుకొనిరి. ఆ త్రోవనే జూదపు యాప్‌ల ప్రచారమును సాగెనని వారు తెలిపిరి. ఉచితమని పిల్లల చేతికిచ్చిన ఫోనులోనికి జూదము చొచ్చుట నాకు మిగుల భయము గొల్పుచున్నది.

పాటల సంగతి చూడుడు: ఏ యాప్‌లోనైనను దాదాపు అన్ని పాటలును దొరకుచుండుటచే, సంతలో దొంగ సీడీల నడుగువారే కానరారు.