ఈతరెక్కల ఎన్నిక

కరీంనగరు చెంత దిగువ మానేరు జలాశయమున బాతు ఈదుటను గమనింపుడు. కాలు వెనుకకు తోయునపుడు వ్రేళ్ళ నడిమి చర్మము విచ్చుకొనును. ముందుకు తెచ్చునపుడు ముడుచుకొనును. హెచ్చు నీటిని మెల్లగా వెనుకకు నెట్టినచో తక్కువ శ్రమతో ముందుకు సాగవచ్చును. ఈ సూత్రము ననుసరించియే ఫ్రెంచి నావికాధికారి లూయీ ద కోర్లియూ 1933లో మనుష్యుని కాలికి తొడుగు ఈతరెక్కలకు పేటెంటు పొందెను.

విశాఖ తీరము వంటి వెచ్చని సముద్రములలో గాలి సిలిండరుతో మునుగువారికి, వట్టికాలికి తొడిగి మడమను కప్పు తేలికైన రెక్కలు చాలును. రాళ్ళపై నడిచి నీట దిగవలసినచోట రబ్బరు బూట్లపై పట్టీతో బిగించునవి మేలు.

రెక్క మిక్కిలి బిరుసైనచో పిక్కలు పట్టును. ఆయాసము హెచ్చి సిలిండరులోని గాలి త్వరగా తరుగును. వదులైనది జారిపోవును, ఇరుకైనది పాదమును నొక్కును. కనుక ఒడ్డుననే తొడిగి చూచుకొనవలెను. నీటి అడుగున గాలియే ఆయువు గదా!