బాయిలోకి గాలి లెక్క

న్యూమరికల్ మెథడ్స్ పేపర్ అంటే మనకు గుర్తొచ్చేవి కాలిక్యులేటర్, నాలుగు దశాంశాలు, చివర్లో "కన్వర్జ్ అయింది" అనే మాట. నేనూ న్యూటన్-రాఫ్సన్‌ను అట్లాగే బట్టీ పట్టాను. అది మా ఇంటి లెక్క అని ఆలస్యంగా తెలిసింది.

మాది శ్రీరాంపూర్. బాపు సింగరేణిలో అండర్‌గ్రౌండ్ కార్మికుడు. పైన ఉన్న పెద్ద ఫ్యాన్ బాయిలోని గాలిని బయటికి లాగుతుంది. దాంతో ఇంకో దారిన కొత్త గాలి లోపలికి దిగి, ఎన్నో గ్యాలరీల్లోకి చీలిపోతుంది. అందులో బాపు దగ్గరికి చేరేదెంత? కోల్ మైన్స్ రెగ్యులేషన్స్ ప్రకారం పెద్ద షిఫ్టులో ఉన్న ఒక్కో మనిషికి నిమిషానికి కనీసం 6 ఘనపు మీటర్లు అందాలి.

గనుల గాలికి మూల సూత్రాన్ని 1854లో అట్కిన్సన్ ఇచ్చాడు: పీడనం = నిరోధం × గాలి వర్గం. గాలి రెట్టింపు కావాలంటే పీడనం 4 రెట్లు కావాలి. ఆ వర్గమే చిక్కు. గ్యాలరీలు ఒకదాన్నొకటి అడ్డంగా కలిస్తే సమీకరణాలు నేరుగా తెగవు.

1936లో హార్డీ క్రాస్ అనే ప్రొఫెసర్ నీళ్ల పైపుల కోసం ఒక ఉపాయం చెప్పాడు. సివిల్ వాళ్లకు మూమెంట్ డిస్ట్రిబ్యూషన్‌తో తెలిసిన పేరే. అదే ఉపాయం గనుల గాలికీ పనికొచ్చింది. ముందు ఒక అంచనా వేసుకో, తప్పెంతో చూడు, దిద్దు, మళ్లీ చూడు.

చిన్న లెక్క చేద్దాం. సెకనుకు 60 ఘనపు మీటర్ల గాలి రెండు దారులుగా చీలి మళ్లీ కలుస్తోంది. నిరోధాలు 1, 4. చెరి 30 అనుకుందాం. పీడనాలు 900, 3600. రెండు దారుల మొదలూ చివరా ఒకటే కాబట్టి ఇవి సమానం కావాలి. కానీ 2700 తేడా ఉంది. దాన్ని 2 × (1×30 + 4×30), అంటే 300తో భాగిస్తే 9. మొదటి దారికి 9 కలిపి, రెండో దారిలో తీసేస్తే 39, 21. ఇంకోసారి చేస్తే 39.99, 20.01. అసలు జవాబు 40, 20.

ఆ 300 ఎక్కడిదో గమనించారా? డెరివేటివ్! ఇది ఒక్కో లూప్‌కు వేసే న్యూటన్-రాఫ్సనే. పెద్ద గనిలో ఒక లూప్ దిద్దితే పక్క లూప్ చెడుతుంది. అందుకే అన్నీ కుదిరేదాకా తిరిగి తిరిగి దిద్దాలి. అది కంప్యూటర్ పని.

ఈ లెక్కను గర్వంగా బాపుకు చూపించాను. అంతా విని, "లెక్క కుదిరితే గాలొచ్చినట్టేనా బిడ్డా? ఎవడన్న తలుపు తీసిపెట్టి పోతే?" అన్నడు.

నా దగ్గర జవాబు లేదు. లోపల గాలి తలుపు తెరిచి ఉంటే కొత్త గాలి పని జాగా దాకా పోకుండా దగ్గరి దారిలోనే తిరిగి వెళ్లిపోతుంది. నిరోధం మారింది, కానీ నా కాగితం మీద పాత నిరోధంతోనే జవాబు చక్కగా కన్వర్జ్ అయి కూర్చుంది. కన్వర్జ్ కావడమంటే మనం రాసుకున్న సమీకరణం తీరిందని మాత్రమే. అందుకే ఎన్ని సాఫ్ట్‌వేర్లు వచ్చినా బాయిలో అనిమోమీటర్ పట్టుకుని గాలి కొలవాల్సిందే.

ఈసారి మీరు 50, 10తో మొదలుపెట్టి చూడండి. జవాబు మళ్లీ 40, 20కే వస్తుంది. వచ్చాక, ఆ 1, 4 ఎవరు కొలిచారు, ఎప్పుడు కొలిచారు అని కూడా అడగండి.