‘తులసిదళం’ చదివారా? ఇంటర్వ్యూకి పనికొస్తుంది!

‘విజయానికి ఐదు మెట్లు’ మీలో చాలామంది చదివే ఉంటారు. లేదంటే హాస్టల్లో ఎవరి మంచం మీదో చూసే ఉంటారు. అది రాసిన యండమూరి వీరేంద్రనాథే 1980ల మొదట్లో ‘ఆంధ్రభూమి’ వారపత్రికలో ‘తులసిదళం’ సీరియల్ రాసి జనానికి నిద్ర లేకుండా చేశారని తెలుసా?

నేను దాన్ని కోటలో, అమ్మమ్మ ఇంట్లో చదివా. వారం వారం పేజీలు కత్తిరించి, కుట్టించి దాచుకున్న బైండు అది. “రాత్రిళ్లు చదవబాక అబ్బయా” అంది. రాత్రే చదివా.

శ్రీధర్, శారదల కూతురు తులసి. ఆ చిన్నపిల్లకు రావాల్సిన డబ్బు కోసం ఆమె మీద ‘కాష్మోరా’ అనే క్షుద్రప్రయోగం చేయిస్తారు. గడువు 21 రోజులు. ఒకపక్క మంత్రగాళ్లు, ఇంకోపక్క డాక్టర్లు, హిప్నాటిజం తెలిసినవాళ్లు. ఇది చేతబడా, జబ్బా? రెండు దారులూ తెరిచే ఉంటాయి. మనం మాత్రం భయం వైపే నడుస్తాం. ఇన్నేళ్లయినా ఆ నవల చదివించేది దెయ్యం కాదు, ఆ అనుమానమే. నాలుగు దశాబ్దాల కిందటి పుస్తకాన్ని ఇప్పటికీ ఒకరికొకరు చెప్పుకుని చదువుతున్నారంటే కారణం అదే.

అప్పుడు నాది బీటెక్ అయిపోయిన కొత్త. ఒక కంపెనీ ఇంటర్వ్యూ ఇచ్చొచ్చి కూర్చున్నా. పది రోజులు, ఇరవై రోజులు.. మెయిల్ లేదు. ‘ఇంగ్లిష్‌లో తడబడ్డా, తీసేసుంటారు’ అని నేను. ‘దిష్టి’ అని అమ్మమ్మ. ఉప్పుతో దిగదుడిచింది కూడా. ఇంతకీ మెయిల్ ఎక్కడుంది? స్పామ్ ఫోల్డర్‌లో! తర్వాతి రౌండ్ లింక్ అది. గడువు ముందురోజే దాటిపోయింది. కోడ్‌లో తప్పొస్తే ముందు లాగ్ చూసే నేను, నా విషయంలో ఒక్క ఫోల్డర్ తెరవలేదు. అమ్మమ్మది దిష్టి, నాది తడబాటు. చూడకుండా నమ్మడంలో ఇద్దరం ఒకటే.

ఈ నవల మూఢనమ్మకాన్ని పెంచుతోందని రంగనాయకమ్మ ‘తులసిదళం కాదు, గంజాయి దమ్ము’ అంటూ గట్టిగా విమర్శించారు. అది కొట్టిపారేసే మాట కాదు. చేతబడి చేశారన్న అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు మన తెలుగు నేల మీదే చదివాం. అందుకే నవలను నవలగా చదవండి, అందులోని భయాన్ని మాత్రం గమనించండి.

మీకూ రిజల్ట్ రాక గుండె దడదడలాడుతోందా? ఒక కాగితం తీసుకుని మధ్యలో గీత గీయండి. ఎడమవైపు ‘తెలిసింది’, కుడివైపు ‘ఊహించింది’. ‘మెయిల్ రాలేదు’ ఎడమవైపు. ‘నన్ను తీసేశారు’ కుడివైపు. తర్వాత స్పామ్ చూడండి, పోర్టల్‌లో స్టేటస్ చూడండి, హెచ్‌ఆర్‌కి మర్యాదగా ఒక మెయిల్ పెట్టండి. అప్పటికీ జవాబు రాకపోతే ఇంకో అప్లికేషన్ పెట్టేయండి.

అన్నట్టు, ఆ నవల మాత్రం రాత్రిళ్లు చదవబాకండి!